ఒక్క మాట, మూడు రోజులు: క్యూరేటర్‌తో నా అనుభవం

నేను అనువాదాలు చేస్తాను. బ్యాంకు ఫారాలు, మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే ఒక కథ. పోయిన ఏడాది ఒక చిన్న మ్యూజియం వాళ్లు పాత సేద్యపు పనిముట్ల ప్రదర్శన పెడుతూ 32 బోర్డుల ఇంగ్లీషు పాఠం పంపించారు. గొర్రు, గుంటక, జడ్డిగం, మోట, అన్నీ చిన్నప్పుడు మా ఊళ్లో చూసినవే. రెండు రోజుల పని అనుకున్నాను. ఆ బోర్డుల వరకు నిజంగానే రెండు రోజులు పట్టింది.

మిగిలింది క్యూరేటర్ అనే మాట, అంటే మ్యూజియంలో వస్తువుల బాధ్యత చూసే మనిషి. ఆ మాట, దాని చుట్టాలు కలిపి 11 చోట్ల వచ్చాయి. అలాగే తెలుగు లిపిలో రాసి పంపేశాను. "అందరికీ అర్థమయ్యే తెలుగు మాట వెయ్యండి" అని తిరిగొచ్చింది. అప్పుడు మొదలైంది టెన్షన్.

ముందు సంగ్రహాలయాధ్యక్షుడు అని వేశాను. అక్కడి క్యూరేటర్ ఒక మేడమ్. కాబట్టి సంగ్రహాలయాధ్యక్షురాలు అయింది. బల్ల మీద పెట్టే పేరు పలకలో పట్టలేదు. ఆవిడే ఫోన్ చేసి, "ఇది చూస్తే నన్ను ఏదో కమిటీ ప్రెసిడెంట్ అనుకుంటారండీ" అని నవ్వారు. నిజమే. మిగతా బోర్డులన్నిట్లో మ్యూజియం అని రాసి, ఈ ఒక్క చోట సంగ్రహాలయం అంటే అతుకులా ఉంది కూడా.

తర్వాత సంరక్షకురాలు. ఇది బాగుందనిపించింది, కానీ బళ్లో పిల్లల దరఖాస్తు గుర్తొచ్చింది: తండ్రి లేదా సంరక్షకుని సంతకం. అసలు ఇంగ్లీషులో అర్థమేమిటో చూద్దామని పుట్టుక వెతికితే, నా సంరక్షకుడు తప్పేమీ కాదని తేలింది. లాటిన్‌లో కూరా అంటే శ్రద్ధ, పట్టించుకోవడం. రోమన్ చట్టంలో 25 ఏళ్లు నిండని యువకుల ఆస్తి వ్యవహారాలకు తోడుండే మనిషిని కూరేటర్ అనేవాళ్లు. మతిస్థిమితం లేనివాళ్లకూ ఉండేవాడు. రోమ్ నగరానికి నీళ్లు తెచ్చే కాలువలకు కూడా ఒక కూరేటర్ ఉండేవాడు. సా.శ. 97లో ఆ పదవిలోకి వచ్చిన ఫ్రాంటినస్, ఎవరు ఎక్కడ దొంగచాటుగా నీళ్లు మళ్లించుకుంటున్నారో కూడా లెక్కగట్టి రాసిపెట్టాడు. మన చెరువుల కింద పొలాలకు నీళ్లు వదిలే నీరటి చేసే పనే, కాకపోతే పెద్ద హోదాతో.

ఆ వేరుకే పుట్టిన మాటలు మన ఇళ్లలో ఎన్ని తిరుగుతున్నాయో అప్పుడే గమనించాను. బ్యూటీ పార్లర్‌లో పెడిక్యూర్ అదే. చివరికి స్లాబుకు పొద్దున సాయంత్రం నీళ్లు కొట్టే క్యూరింగ్ కూడా అదే.

క్యూరింగ్ అనగానే మా బాబాయి గుర్తొచ్చాడు. ప్రకాశం జిల్లాలో పొగాకు రైతు. ఆకును వేడితో ఎండబెట్టే గదిని అక్కడ బ్యారన్ అంటారు. "బాబాయ్, బ్యారన్‌లో క్యూరింగ్ అంటే ఏం చేస్తారు?" అని ఫోన్‌లో అడిగాను.

"ఏం చేస్తాంరా, ఐదారు రోజులు నిద్ర మానుకుని కూర్చుంటాం. వేడి తొందరపడి పెంచావనుకో, ఆకు పచ్చగానే ఎండిపోద్ది. ఆలస్యం చేశావా, నల్లబడిద్ది. ఇంతకీ నీకెందుకురా ఇది?"

ఎందుకో చెప్పే ఓపిక లేక పెట్టేశాను. కానీ నిఘంటువులు ఇవ్వనిది ఆయన ఇచ్చాడు. నేను ఇన్నాళ్లూ పదవి పేరు వెతుకుతున్నాను, పని ఏమిటో అడగలేదు. మర్నాడు మేడమ్‌కు ఫోన్ చేసి, పొద్దున వచ్చినప్పటి నుంచి ఏం చేస్తారో చెప్పమన్నాను. వచ్చిన వస్తువుకు నంబరు వేసి రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. చెక్కకు చెద పట్టిందా, ఇనుము తుప్పు పడుతోందా చూస్తారు. ఉన్న ఐదు గొర్రుల్లో ఏది బయట పెట్టాలో, దాని పక్కన ఏముండాలో తేలుస్తారు. ఒక్క మాటలో ఇన్ని పనులున్నప్పుడు ఒక్క తెలుగు మాట అన్ని చోట్లా ఎలా సరిపోతుంది?

ఇంకో తంటా క్రియది. ఇంగ్లీషులో క్యూరేటర్ అనే మాటను కత్తిరించి క్యూరేట్ అనే క్రియను చేసుకున్నారట, అంటే మనిషి ముందు, పని తర్వాత! అదే అక్షరాలతో చర్చిలో పెద్ద గురువుకు కింద ఉండే గురువు కూడా ఉన్నాడు, కాకపోతే ఒత్తి పలికే చోటు వేరు. మొదటి రోజు పాత నిఘంటువు తెరిస్తే నాకు కనిపించింది ఈ గురువే. ఆయన్ని గుంటక పక్కన నిలబెట్టలేక పుస్తకం మూసేశాను. క్రియకు కూర్పు అందామనుకున్నా. కూరా, కూర్పు భలే కలిశాయే అని కాసేపు మురిసిపోయాను కూడా. కానీ చుట్టరికం ఏమీ లేదు, మనది అచ్చ తెలుగు. పైగా కూర్పు అనగానే సినిమా టైటిల్స్‌లో ఎడిటర్ పేరు కళ్ల ముందుకొస్తుంది.

మూడో రోజు సాయంత్రం తేల్చేశాను. పేరు పలక మీద క్యూరేటరే ఉంచాను. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో ఆ పదవి పేరు అదే, క్రికెట్ వార్తల్లో పిచ్ క్యూరేటర్ రోజూ కనిపించేవాడే. ఆ మాటకు ఆడామగా తేడా లేదు, ఉడు–రాలు గొడవ ఉండదు. మొదటి బోర్డు కింద మాత్రం "వస్తువులను సేకరించి, పాడవకుండా చూసి, వాటి సంగతి మనకు చెప్పేవారు" అని ఒక వరుస రాశాను. ప్రదర్శన ఎవరిదో చెప్పే చోట "ఎంపిక, అమరిక" అని పెట్టాను. ఇక క్యూరేటోరియల్ నోట్ అన్నది "ఈ ప్రదర్శన గురించి" అయింది. ఈసారి ఒక్క మార్పూ లేకుండా ఒప్పుకున్నారు.

బిల్లు మాటకు ఇంత అన్న లెక్కన. మూడు రోజులు తిన్న క్యూరేటర్ కూడా అందులో మిగతా వాటిలాగే ఒక మాట.

నెల తర్వాత ఒక చీరల కొట్టు ప్రకటన వచ్చింది, అందులో క్యూరేటెడ్ కలెక్షన్ అని ఉంది. ఆలోచించకుండా "ఏరికోరి తెచ్చిన చీరలు" అని రాసి పంపాను. అచ్చయ్యాక చూస్తే "క్యూరేటెడ్ చీరలు" అని ఉంది.