పదిహేను గంటల గీత

"ఇప్పుడు మీరు ఖాళీయే కదా మేడమ్, ఇంకో బ్యాచ్ తీసుకోండి." 2025 మార్చి మొదటి వారంలో ఈ మాట నా డాన్సు క్లాసు పిల్లల తల్లులు నలుగురి నోట విన్నాను. ప్రేమతోనే అన్నారు. ఉద్యోగం పోయింది, పాపం నాలుగు డబ్బులు వస్తాయిలే అనుకున్నారు. కాదని చెప్పడానికి ఒక్కొక్కరితో పావుగంట పట్టేది, ఆ పావుగంట కూడా నేను లెక్క రాసుకోవాలి.

మేముండేది జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో. ఐదేళ్లు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేశాను. శనాదివారాల్లో పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. బ్లూ కార్డు, అంటే పెద్ద చదువుల విదేశీయులకు ఉద్యోగం మీద ఇచ్చే నివాస అనుమతి, దాని మీద ఉన్నవాళ్లు సొంతంగా సంపాదించాలంటే విదేశీయుల కార్యాలయం అనుమతి ఉండాలి. అది తీసుకున్నాను, కార్డుతోపాటు ఇచ్చే పచ్చ కాగితంలో ఆ సంగతి రాసి ఉంది. ప్రతి ఫీజుకీ బిల్లు ఇచ్చాను. అప్పట్లో మా ఆయన "పది మంది పిల్లలకు ఇన్ని కాగితాలా" అన్నాడు గానీ, తరవాత నన్ను కాపాడినవి ఆ కాగితాలే.

నవంబరు చివర్లో మా టీమ్ మొత్తానికి ఉత్తరాలు ఇచ్చారు. ఫిబ్రవరి 28 ఆఖరి రోజు. ఇక్కడ ఉద్యోగం పోతున్నట్టు తెలిసిన వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. పని వెతుక్కుంటున్నానని ఆగెంటూర్‌కు, అంటే ఉపాధి కార్యాలయానికి, ఉద్యోగం ముగిసే రోజుకు మూడు నెలల ముందే చెప్పాలి. అంత గడువు లేకపోతే తెలిసిన మూడు రోజుల్లోపు చెప్పాలి. ఆలస్యమైతే ఒక వారం నిరుద్యోగ భృతి పోతుంది. మనంతట మనమే రాజీనామా చేస్తే, సరైన కారణం చూపించలేకపోతే, 12 వారాలు ఏమీ రాదు. ఇది కాక, నిరుద్యోగం మొదలయ్యే రోజుకల్లా నిరుద్యోగిగా మళ్లీ విడిగా నమోదు చేసుకోవాలి. ఈ రెండు నమోదులూ ఒకటే అనుకుని చాలామంది మనవాళ్లు దెబ్బతింటారు.

గడిచిన 30 నెలల్లో కనీసం 12 నెలలు నిరుద్యోగ బీమాకు చందా కట్టి ఉంటే భృతి వస్తుంది. 12 నెలలు కట్టినవారికి ఆరు నెలలు, 24 కట్టినవారికి ఏడాది. లెక్కగట్టిన నికర జీతంలో 60 శాతం ఇస్తారు. పాప ఉంది కాబట్టి నాకు 67. ఇది దానం కాదు, నెలనెలా నా జీతంలోంచి కోసుకున్న చందా మీద వచ్చిన హక్కు. ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే మనలో చాలామంది దీన్ని అడుక్కోవడంలా చూసి సిగ్గుపడతారు.

ఇక నా అసలు చిక్కు. ఫారంలో "వేరే పని ఏమైనా చేస్తున్నారా, వారానికి ఎన్ని గంటలు" అని అడుగుతారు. నేను అనుకున్నదేమిటంటే, ఎంత సంపాదిస్తున్నానో అదే వాళ్లకు ముఖ్యం, గంటల సంగతి ఊరికే అడుగుతున్నారని. అది తలకిందుల ఆలోచన.

డబ్బు విషయంలో చట్టం మెత్తగానే ఉంటుంది. కొత్తగా ట్యూషన్లు మొదలుపెట్టి నెలకు 400 యూరోలు తెచ్చుకునే మనిషిని తీసుకోండి. సొంత పని కాబట్టి ఖర్చుల కింద 30 శాతం, అంటే 120 తీసేస్తారు. ఖర్చు అంతకంటే ఎక్కువైందని రుజువు చూపిస్తే అదీ ఒప్పుకుంటారు. మిగిలిన 280లో 165 యూరోలు ముట్టుకోరు. పన్ను సంగతి పక్కనపెడితే, భృతిలోంచి తగ్గేది 115. ఉద్యోగం పోకముందు 18 నెలల్లో కనీసం 12 నెలలు ఆ చిన్న పనిని ఉద్యోగంతోపాటు చేస్తూ వచ్చినవాళ్లకు ఇంకా మేలు. చివరి 12 నెలల్లో దాని మీద నెలకు సగటున ఎంత వచ్చిందో అంతవరకూ వదిలేస్తారు. నేను మూడేళ్లుగా నేర్పుతున్నాను, బిల్లులన్నీ ఉన్నాయి. అందుకే నా భృతిలో ఒక్క యూరో కూడా తగ్గలేదు.

గంటల దగ్గర ఈ మెత్తదనం ఉండదు. వారానికి 15 గంటలు చేరితే చట్టం దృష్టిలో మీరు నిరుద్యోగి కాదు. భృతి కొంచెం తగ్గడం కాదు, మొత్తం ఆగిపోతుంది. సంపాదన సున్నా అయినా అంతే. రెండు మూడు చిన్న పనులుంటే గంటలన్నీ కలుపుతారు.

నేను ఫారంలో ఆరున్నర గంటలని రాశాను. శనివారం మూడు, ఆదివారం రెండు, బుధవారం ఆన్‌లైన్‌లో గంటన్నర. కౌంటర్ అవతల ఉన్నావిడ అది చూసి, "ఇవి క్లాసు గంటలేనా?" అని అడిగింది. అవునన్నాను. పాఠం సిద్ధం చేసుకోవడం, తల్లిదండ్రులతో మాట్లాడటం, బిల్లులు రాయడం కూడా పనేనని ఓపిగ్గా చెప్పింది. ఆవిడ అడగబట్టి బతికిపోయాను. ఇంటికొచ్చి పాప పాత లెక్కల నోట్‌బుక్ తీసి, వెనకవైపు నుంచి గీతలు కొట్టి రాయడం మొదలుపెట్టాను. జతిస్వరం పాట కత్తిరించి అతికించడం 50 నిమిషాలు. ఫోన్లు 35. నట్టువాంగం, అంటే డాన్సుకు తాళం వేస్తూ జతులు చెప్పడం, దాని సాధన ఎటు వేయాలో తెలియలేదు, పిల్లల కోసం చేసిందైతే రాశాను, నా కోసం చేసుకున్నది రాయలేదు. వారం తిరిగేసరికి తొమ్మిదిన్నర గంటలు తేలింది. ఆరున్నర అనుకున్న పని!

అంతలో ఉగాది. విశ్వావసు ఉగాది మార్చి 30, ఆదివారం వచ్చింది. పిల్లలతో ఒక నృత్యం ఒప్పుకున్నాం. ఏటా మూడు వారాల ముందునుంచి రోజూ సాయంత్రం గంటన్నర రిహార్సల్ పెట్టేదాన్ని. ఐదు రోజులకు ఏడున్నర. కూడితే 17. ఎప్పుడో ఒకసారి కాస్త ఎక్కువైతే చట్టం చూసీచూడనట్టు వదిలేస్తుంది గానీ, ముందే అనుకుని మూడు వారాలు వరసగా చేసేదాన్ని "ఎప్పుడో ఒకసారి" అనడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మాకు తెలిసిన కరీంనగర్ తమ్ముడు ఒకడు భృతి మీద ఉండగా ఒక దుకాణానికి వెబ్‌సైట్ చేసిపెట్టాడు. మూడు వారాలు, వారానికి 30 గంటలు. చెప్పలేదు. పని చెప్పకుండా మొదలుపెట్టిన రోజే నిరుద్యోగిగా చేసుకున్న నమోదు చెల్లకుండా పోతుంది. మళ్లీ నమోదు చేసుకునేదాకా భృతికి హక్కు లేదు. చేసుకోవాలని వాడికి తెలియనే లేదు. ఆ మూడు వారాలదే కాదు, తరవాతి రెండు నెలల డబ్బు కూడా తిరిగి కట్టమని ఉత్తరం వచ్చింది. "పని మూడు వారాలే చేశాను కదక్కా, తరవాత ఖాళీగానే కూర్చున్నాను కదా" అని మా వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. భృతి వస్తున్నంతకాలం ఆరోగ్య బీమా చందా కూడా వాళ్లే కడతారు, దాంతో ఆ చిక్కూ వచ్చి పడింది. అభ్యంతరం చెప్పడానికి నెల గడువుంటుంది. వాడు చెప్పాడు, నెగ్గలేదు. వాయిదాల్లో కట్టాడు. ముందే చెప్పి ఉంటే పోయేది మూడు వారాల డబ్బే. మధ్యలో చేసిన పని ఆరు వారాలు దాటకపోతే, చెప్పినవాళ్ల నమోదు నిలుస్తుంది.

ఇంకో ఇద్దరి సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగం మానేసి పూర్తిగా క్యాటరింగ్‌లోకి దిగిన ఒకాయనకు, సొంత పని మొదలుపెట్టిన మూడు నెలల్లోపు దరఖాస్తు పెడితే నిరుద్యోగ బీమాలో సొంతంగా చందా కడుతూ కొనసాగవచ్చని నాలుగో నెలలో తెలిసింది. ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. సొంత వ్యాపారంలో గడిపిన నెలలు, చందా లేకపోతే, ఆ 12 నెలల లెక్కలోకి రావు. మినీజాబ్ నెలలూ అంతే. మినీజాబ్ అంటే తక్కువ జీతపు చిన్న ఉద్యోగం, 2025లో దాని హద్దు నెలకు 556 యూరోలు. దానికి నిరుద్యోగ బీమా ఉండదు. మా వదిన వరసావిడది వేరే కథ. పొద్దున కిండర్‌గార్టెన్‌లో 20 గంటలు, సాయంత్రం ఒక హోటల్ ఆఫీసులో 15 గంటలు చేసేది. హోటల్ పని పోయింది. ఒక ఉద్యోగం ఉంది కదా, ఇంకేం ఇస్తారని ఊరుకుంది. రెండింటికీ చందా కట్టి, గత రెండేళ్లలో రెండు ఉద్యోగాలూ పక్కపక్కనే కనీసం 12 నెలలు చేసి ఉంటే, పోయిన ముక్కకు ఆరు నెలల వరకు పాక్షిక భృతి వస్తుంది. నేను లాక్కెళ్లి అప్లై చేయించాను, వచ్చింది.

ఉగాదికి చివరికి వారంలో రెండు సాయంత్రాలే రిహార్సల్ పెట్టాను. మిగిలిన మూడు రోజులు పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు చేయించారు. హాలు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆ మూడు సాయంత్రాలూ ఇంట్లో కూర్చున్నాను. చేతులు ఊరుకోవు, డైనింగ్ టేబుల్ మీద తాళం వేస్తూ ఉండేవి. పగలంతా పని లేక, సాయంత్రం ఉన్న పనికి వెళ్లలేక గడిపిన ఆ మూడు వారాలు ఉద్యోగం పోయిన రోజుకంటే ఎక్కువ బాధపెట్టాయి.

పండగ రోజు గ్రీన్‌రూమ్‌లో జడలు వేసిన సమయం, గజ్జెలు కట్టిన సమయం కూడా రాశాను. చిన్నది ఒకతె రెండో చరణంలో ఎడమకు తిరగాల్సింది కుడికి తిరిగితే పక్క పిల్ల భుజం పట్టి మెల్లగా సర్దింది. అది నేను నేర్పింది కాదు, నేను లేని సాయంత్రాల్లో వాళ్లలో వాళ్లే నేర్చుకున్నది. రాత్రి పచ్చడి గిన్నెలు కడిగాక నోట్‌బుక్ తీసి కూడాను. ఆ వారం 13 గంటల 40 నిమిషాలు.