దొంగతనానికీ దోపిడీకీ మధ్య గీత

ఎవరూ లేని సమయంలో ఇంట్లో సొత్తు పోయినవారు కూడా "దోపిడీ జరిగింది" అంటుంటారు. చట్టం దృష్టిలో అది దొంగతనమే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, ఒకరి స్వాధీనంలోని చరాస్తిని వారి సమ్మతి లేకుండా, నిజాయితీ లేని ఉద్దేశంతో, తీసుకుపోవడానికి కదిలించడమే దొంగతనం. కాబట్టి వస్తువు గడప దాటకపోయినా నేరం పూర్తయినట్టే.

ఈ నిర్వచనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మాట 'స్వాధీనం'. యాజమాన్యం అనలేదు. గడియారం బాగుచేసిన వ్యక్తి తనకు రావలసిన డబ్బుకు హామీగా దానిని చట్టబద్ధంగా అట్టిపెట్టుకున్నప్పుడు, ఆ హామీ అతనికి దక్కకుండా చేయాలని యజమాని దానిని తీసుకుపోతే, తన వస్తువునే తాను దొంగిలించినవాడవుతాడు. ఇది 1860 నాటి శిక్షాస్మృతి నుంచి కొనసాగుతున్న ఉదాహరణ, ఇప్పటికీ చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. శాశ్వతంగా ఉంచుకోవాలన్న ఉద్దేశం కూడా అవసరం లేదని, తాత్కాలికంగా తీసుకెళ్లినా దొంగతనమేనని సుప్రీంకోర్టు 1957లోనే స్పష్టం చేసింది.

దొంగతనం చేయడానికో, సొత్తుతో పారిపోవడానికో గాయపరిచినా, అక్రమంగా అడ్డగించినా, తక్షణం అలా జరుగుతుందన్న భయం కలిగించినా అది 309వ సెక్షన్ కింద దోపిడీ. దొంగతనానికి సాధారణంగా మూడేళ్ల వరకు శిక్ష ఉంటే, దీనికి పదేళ్ల వరకు కఠిన కారాగారం. అయిదుగురు లేదా అంతకుమించి కలిసి దోపిడీకి పాల్పడితే బందిపోటు నేరం.