బీలను బంజరని రాసిన కాగితం

మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం జిల్లాలో సోంపేట బీలకు ఆనుకుని ఉంది. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళితే, ఊరి చెరువు అడుగంటిన రోజుల్లో కూడా బీలలో గేదెలు మెడదాకా మునిగి ఉండేవి, వాటి వీపుల మీద కొంగలు వాలి ఉండేవి. బీల అంటే ఏమిటని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పడమటి కొండల వైపు నుంచి వచ్చిన వాన నీరు సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బల వెనక నిలిచిపోయి, జమ్ము, తుంగ, కలువలు పెరిగి, చేపలు పట్టుకునేవారికి చేపలను, పశువులున్నవారికి గడ్డిని, చుట్టుపక్కల వరి పొలాలకు తడిని ఇచ్చే పల్లపు నేలను మా వైపు బీల అంటారు. అదే నేలను టెక్కలి దాటి సంతబొమ్మాళి వైపు వెళితే తంపర అంటారు. ఈ రెండు మాటలలో దేనిని పలికినా వినేవారికి ముందు గుర్తుకు వచ్చేది నీరే.

నేను విశాఖపట్నంలో ఒక బ్యాంకులో వ్యవసాయ రుణాల పని చూస్తాను. ఏ భూమి ఎలాంటిదో, ఎవరు అనుభవిస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డు అడంగల్ కాపీలు రోజూ నా చేతుల మీదుగా పోతుంటాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి స్వభావం, నీటి ఆధారం, అనుభవదారు పేరు అంటూ వరుసగా గళ్ళు ఉంటాయి. ఒక గడిలో ఒక మాట మారితే రైతుకు అప్పు పుడుతుంది, లేదా పుట్టదు. అందుకే బీలలో బొగ్గు విద్యుత్ కేంద్రం పెడతామన్నప్పుడు లేచిన సోంపేట గొడవను అందరూ కరెంటు కావాలా, పొలం కావాలా అనే వాదంగా చెప్పుకుంటూ ఉంటే, నాకు మాత్రం అది మొదటి నుంచీ ఒక గడిలో రాసిన మాట మీద తగాదాగానే కనిపించింది.

2008లో 1107 నంబరు జీవోతో బీలలో సుమారు 970 ఎకరాలను బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం కోసం ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. అనుకున్న సామర్థ్యం 2640 మెగావాట్లు. కాగితాల మీద ఆ భూమి బంజరు, ఎవరికీ పనికిరాని ప్రభుత్వ భూమి. పట్టా లేదు గనుక యజమాని లేడు, యజమాని లేడు గనుక నష్టపోయేవాడూ లేడు అన్న లెక్క అది. కానీ బీల మీద బతికేవారిలో చాలామందికి పట్టాతో పనే లేదు. నీళ్ళలో దిగి గడ్డి కోసుకునే మనిషికి, వల వేసే మనిషికి పట్టా ఎవరిస్తారు? అడంగల్‌లో అనుభవదారు గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన, ఆ నేలను అనుభవించేవారు లేరని అర్థం కాదు. మా ఉద్యోగంలో మేము కూడా ఈ తప్పు చేస్తూనే ఉంటామని ఒప్పుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పటికి మన దేశంలో చిత్తడి నేలల రక్షణకు ప్రత్యేకంగా నియమాలే లేవు. అవి వచ్చింది 2010 డిసెంబరులో. కాబట్టి బీల చిత్తడి నేల అని రుజువు చేయాలంటే, పర్యావరణ అనుమతి కోసం సమర్పించిన నివేదికలోనే తప్పు చూపించాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి కేంద్రానికి పర్యావరణ ప్రభావ అంచనా, ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. ఆ సేకరణ 2009లో జరిగింది. జనం వద్దన్నారు. ఆ ఏడాది చివరికల్లా అనుమతి వచ్చింది. ప్రజాభిప్రాయాన్ని సేకరించాలన్నారే గానీ, పాటించాలని ఎక్కడా రాయలేదని మా మావయ్య అప్పట్లో అనేవాడు.

తరువాత జరిగింది అందరికీ తెలిసినదే. పర్యావరణ పరిరక్షణ సంఘం పేరుతో ఊళ్ళన్నీ ఒక్కటయ్యాయి. రైతులు, మత్స్యకారులు కలిసి కూర్చోవడం మా వైపు అంత మామూలు విషయం కాదు. ఇక్కడ ఇద్దరికీ నీరు ఒక్కటే కావడం వల్ల అది కుదిరింది. బీలలో బూడిద నింపితే వరికి తడి ఉండదు, సముద్రంలోకి వేడి నీళ్ళు వదిలితే ఒడ్డు వలలో చేప ఉండదు. 2010 జూలై 14న పనులు మొదలుపెట్టడానికి వచ్చినవారిని జనం అడ్డుకోగా పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అదే వారంలో ఢిల్లీలోని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఈ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ నేల చిత్తడి నేలేనని ఒప్పుకుంది. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మగారు జనం పక్షాన నిలబడ్డారు. కరెంటు లెక్కలు తెలిసిన మనిషి బీల లెక్క కూడా చూడాలన్నందుకు ఆ మాటకు బరువు వచ్చింది. ఢిల్లీ తీర్పు కొన్ని రోజులు ముందు వచ్చి ఉంటే ఎలా ఉండేదన్న ఆలోచన, ఆ రోజుల్లో అక్కడ ఉన్నవారిలో నాకు తెలిసిన ఎవరినీ ఇప్పటికీ వదల్లేదు.

ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపరలో అదే కథ మళ్ళీ జరిగింది. అక్కడ కూడా 2640 మెగావాట్లే, అక్కడ కూడా కాల్పులే, ప్రాణనష్టమే. వడ్డితాండ్రలో ఇళ్ళు తగలబడ్డాయి. ఆ తంపరకు మరో పక్క నౌపడ ఉప్పు మడులు, ఇంకో పక్క తేలినీలాపురం. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని వేసవి ముదిరేలోగా వెళ్ళిపోతాయి. వాటిని సైబీరియా పక్షులని మా వైపు అందరూ అంటారు, అది నిజం కాదు, అవి మన దేశపు పక్షులే. కాకపోతే దూరం నుంచి వచ్చిన చుట్టాలంటే మనకు మర్యాద ఎక్కువ కదా. పక్షులు వాలకపోతే ఆ ఏడు వానలు పడవని ఊరివారి నమ్మకం, అందుకే వాటి మీద ఎవరూ రాయి వేయరు. అవి పిల్లలకు తెచ్చే చేప మాత్రం ఊరిలో దొరకదు, తంపరలో దొరుకుతుంది.

వ్యతిరేకించినవారంతా అభివృద్ధికి అడ్డుపడేవారని అప్పట్లో తేలికగా అనేశారు. నేను ఆ మాటను పూర్తిగా కొట్టివేయలేను. మా తీరంలో పని లేదన్నది నిజం. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి ఒకరి బోట్లలో కూలికి వేటాడతారు. 2018లో అలా వెళ్ళినవారిలో 20 మంది పాకిస్తాన్ జైలులో ఏడాదికి పైగా ఉండి 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చారు. తన తీరంలో బతుకు ఉన్నవాడు అంత దూరం వెళ్ళడు. అయితే బొగ్గు కేంద్రంలో పర్మనెంటు ఉద్యోగానికి ఐటీఐ సర్టిఫికెట్ అడుగుతారు, వల వేయడం వచ్చా అని అడగరు. ఈ తేడాను ఏ సభలోనూ ఎవరూ విడమరచి చెప్పలేదు.

ఈ మే నెలలో బీలకు వెళ్ళాను. కరకట్ట మీద ఒక పెద్దాయన కోసిన గడ్డిని మోపు కడుతున్నాడు. లుంగీ తొడల దాకా తడిసి ఉంది. నన్ను చూసి ఏ ఊరని అడిగాడు, అమ్మమ్మ పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. ఆ రోజుల సంగతి ఎత్తితే, చేతిలోని కొడవలిని నీటి వైపు చూపి, "నీరెండని నేలని బంజరంటారేటి బాబూ?" అన్నాడు. చేతికర్ర తీసుకుని గట్టు పక్కనే నీటిలో గుచ్చి పైకి తీశాడు. తడి మోకాలి ఎత్తు దాకా ఉంది. నేను ఫోనులో ఫొటో తీశాను. ఆయన దగ్గరకు వచ్చి తెర వైపు తొంగి చూశాడు.

"తేదీ పడిందా అందులో?" అని అడిగాడు.

పడిందన్నాను. మోపు నెత్తికెత్తుకుని, ఇంకో చోట కూడా తీసుకోమని లోపలి వైపు దారి చూపించాడు.