“బ్రెస్ట్ బయాప్సీ ఎవరమ్మా?”

నిన్ననే రిపోర్ట్ వచ్చింది, క్యాన్సర్ కాదు. ఆ ఊపులోనే రాసేస్తున్నా, రెండ్రోజులు ఆగితే బద్ధకం వచ్చేస్తుంది నాకు.

స్కానింగ్ రిపోర్ట్‌లో బైరాడ్స్ 4 అని ఉంది. నేను నాలుగో స్టేజ్ అనుకుని ఆ రాత్రంతా కూర్చుని ఏడ్చా. తీరా చూస్తే అది స్టేజే కాదు, అనుమానంగా ఉంది ముక్క తీసి పరీక్ష చెయ్యాలి అని దానర్థం అంట. కాగితం చేతిలో పెట్టేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు వాళ్ళకి.

బయాప్సీ రోజు తినే వెళ్ళా. పౌడరు, డియోడరెంట్ వెయ్యొద్దన్నారు. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా అని అడిగారు, నాకు లేవు. ఉన్నవాళ్ళు మీ అంతట మీరు మానెయ్యకండి, డాక్టర్ని అడగండి.

అసలు కథ హాల్లో. నిండా జనం, సగం మంది మగాళ్ళే, ఫైళ్ళు పట్టుకుని ఒకావిడ తలుపు దగ్గర నిలబడి “బ్రెస్ట్ బయాప్సీ ఎవరమ్మా?” అని అరిచింది. నేను లేవలేదు. ఇంకా గట్టిగా అరిచింది. మా ఆయన మోచేత్తో పొడుస్తున్నాడు, నాకు కాళ్ళు రావట్లేదు, మూడోసారికి లేస్తే హాలంతా నన్నే, అంటే నా మొహం కూడా కాదు, చూస్తున్నట్టు అనిపించింది. “వినపడట్లేదా మీకు?” అంది పైగా. ఫైలు మీద పేరు ఉంది కదా తల్లీ, చదవచ్చుగా! లోపల గౌను ఇచ్చి వెళ్ళిపోయింది, ఎటు తిప్పి వేసుకోవాలో చెప్పలేదు, నేను ముడులు వెనక్కి వచ్చేలా వేసుకుంటే కిసుక్కున నవ్వింది. ముందుకి రావాలంట. సరే, చెయ్యి తల మీదకి పెట్టుకుని పడుకున్నాక ఒక కుర్రాడు ఏదో కాగితం కోసం తలుపు బార్లా తీసుకుని వచ్చేశాడు. అప్పుడు మాత్రం ఊరుకోలేదు, “ముందు తలుపు వెయ్యి” అని ఒక్క కేక వేశా, వచ్చిన దారినే పోయాడు. మా ఇంట్లో నేనే పిరికిదాన్ని అంటారు, వచ్చి చూడాల్సింది. లేడీ డాక్టర్ కావాలంటే ముందే అడగండి, సిగ్గుపడితే మనకే నష్టం.

డాక్టరమ్మ మాత్రం బంగారం. స్కాన్‌లో చూస్తూ మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది, అది కాసేపు బాగా మంట, తర్వాత మొద్దుబారింది. సూది గన్‌ని ముందే గాల్లో ఒకసారి టక్‌మనిపించి వినిపించింది, ఉలిక్కిపడకుండా. చర్మం మీద చిన్న గాటు పెట్టి ఐదు ముక్కలు తీసింది, నొప్పి లేదు, లోపల ఎవరో నెట్టినట్టు ఉంటుంది అంతే. ముక్కలు సన్నటి దారప్పోగుల్లా ఉన్నాయి. మా ఆడపడుచుకి చేసింది వేరే, అది సన్న సూదితో కణాలు మాత్రమే లాగే ఎఫ్ఎన్ఏసీ, అందుకే ఆవిడ “ఏముంది, చీమ కుట్టినట్టే” అని తేలిగ్గా చెప్పేసింది. గుర్తు కోసం నువ్వుగింజంత టైటానియం క్లిప్ కూడా లోపల పెట్టారు, అది అలాగే ఉండిపోతుందంట, పర్లేదంట. సూది తగిలితే క్యాన్సర్ పాకుతుందని పక్కింటావిడ భయపెట్టింది, అడిగేశా. ఆ భయంతో బయాప్సీ మానుకోవడమే అసలు ప్రమాదం అంది డాక్టరమ్మ.

పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుని, ప్లాస్టర్ వేసి, ఐస్ పెట్టమని, ఆ రోజుకి బరువులు ఎత్తొద్దని పంపేశారు. కమిలి నల్లబడింది, ఇప్పుడు పసుప్పచ్చగా మారుతోంది. రిపోర్ట్‌కి ఆరు రోజులు పట్టింది, గోళ్ళన్నీ అయిపోయాయి కొరికి కొరికి.

ఫైబ్రోఅడినోమా అంట, అంటే క్యాన్సర్ కాని గడ్డ. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ స్కాన్‌కి రమ్మన్నారు. వెళ్తా, కానీ ఈసారి ఆ ఫైళ్ళావిడ పేరు పెట్టి పిలిస్తే గానీ కుర్చీలోంచి లేవను.