11 అడుగుల ట్రైలర్, 10 అడుగుల 8 అంగుళాల గుమ్మం

అమెరికాలోని మినెసోటాలో క్యాంపర్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఉన్నవాళ్లకి అక్టోబరు వచ్చిందంటే ఒకటే టెన్షన్: ఏప్రిల్ దాకా దీన్ని ఎక్కడ పెట్టాలి? మా కాలనీ అసోసియేషన్ వాళ్లు ఇంటి ముందు పెట్టనివ్వరు. బయట ఖాళీ స్థలాల్లో అద్దె తక్కువే. కానీ పగలు కరిగిన మంచు పైకప్పు అతుకుల్లోకి దిగి, రాత్రి గడ్డకట్టి, ఆ సందుని ఇంకాస్త పెద్దది చేస్తుంది. ఇక్కడ ట్రైలర్లు పాడయ్యేది ఎక్కువగా అలాగే. పెద్ద గుమ్మాలున్న చోట్లన్నీ అప్పటికే నిండిపోయాయి. చివరికి ట్విన్ సిటీస్‌కి (మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలకి) పడమర వైపు ఒక రైతు తన పాత యంత్రాల షెడ్డులో చోటుందన్నాడు. ఇక్కడ రైతులూ, కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్ (జాతర మైదానాల) వాళ్లూ చలికాలంలో ఖాళీగా ఉండే షెడ్లని ఇలా పడవలకీ ట్రైలర్లకీ అద్దెకివ్వడం మామూలే. ఒకసారి పెట్టాక మధ్యలో తీయడం కుదరదు, ముందూ వెనకా బళ్లు ఇరికించేస్తారు.

గుమ్మం ఎత్తు 10 అడుగుల 8 అంగుళాలన్నాడు. ట్రైలర్ కాగితాల్లో రాసిన ఎత్తుని నేను లెక్కలోకి తీసుకోలేదు. టైర్లలో గాలి, స్ప్రింగుల మీద బరువు బట్టి అది మారుతుంది. నిచ్చెనెక్కి, ఏసీ మీద పొడవాటి చెక్కబద్ద అడ్డంగా పెట్టి, రసమట్టంతో సరిచూసి, బద్ద అంచు నుంచి నేలకి టేపు వదిలాను. సరిగ్గా 11 అడుగులు. అందులో పైకప్పు 10 అడుగులే, మిగతా అడుగూ ఏసీది.

"ఏసీ ఊడదీయించేస్తే పోలా, ఏమండీ?" అంది మా ఆవిడ. తీయొచ్చు. కానీ అది 40 కిలోల పైమాటే. దాని కింద కప్పుకి 14 అంగుళాల చదరపు రంధ్రం, చుట్టూ రబ్బరు గ్యాస్కెట్. మళ్లీ బిగించేటప్పుడు అది సరిగా కూర్చోకపోతే వాన నీళ్లు నేరుగా మంచం మీదికే. పొట్టి ఏసీ కొత్తది కొనడం ఇంకో దారి, నాలుగంగుళాల కోసం అంత డబ్బు పెట్టాలనిపించలేదు. టైర్లలో గాలి తీస్తే ఓ అంగుళం దిగుతుంది నిజమే, కానీ మెత్తబడ్డ టైర్లతో మలుపు తిప్పితే పక్క గోడలు నలుగుతాయి. దాన్ని ఆఖరి ఉపాయంగా ఉంచుకున్నాను.

ట్రైలర్ పెట్టడానికి ముందు ఖాళీ బండిలో వెళ్లి షెడ్డు చూసొచ్చాను. తేలిన అసలు సంగతి అక్కడే ఉంది. ఆయన చెప్పిన ఎత్తు లోపలి కాంక్రీటు నేల నుంచి. బయట కంకర నేల అంతకంటే 2 అంగుళాలు కింద ఉంది. అంటే చక్రాలు కంకర మీద ఉన్నంతసేపూ నాకు 10 అడుగుల 10 అంగుళాల జాగా ఉన్నట్టే. మా ట్రైలర్‌లో ఏసీ ఇరుసుల కంటే 4 అడుగులు ముందుంది. వెనక్కి నెడుతూ లోపలికి పంపితే, ఏసీ గుమ్మం దగ్గరకి వచ్చేసరికి చక్రాలు కాంక్రీటు ఎక్కేసి ఉంటాయి, ఆ రెండంగుళాలూ పోతాయి. ముక్కు ముందుగా లాక్కెళ్తే ఏసీ దాటేదాకా చక్రాలు బయటే ఉంటాయి. పైగా ముక్కు కిందికి దించితే, ఇరుసుకి ముందున్నదంతా దాంతోపాటు వంగుతుంది. మాకు ఇరుసు నుంచి, ముక్కు దగ్గర బండికి తగిలించే కొక్కెం దాకా 16 అడుగులు. కొక్కెం 8 అంగుళాలు దించితే ఏసీ 2 అంగుళాలు దిగుతుంది.

ఈ లెక్క కాగితం మీద గీసి చూపిస్తే పెద్దాయన కాసేపు చూసి, పికప్ ట్రక్కు వద్దు, నా ట్రాక్టర్‌తో లాగుతానన్నాడు. నిజంగా బంగారం లాంటి మాట. ట్రక్కుకి కొక్కెం ఎత్తు మారదు. ట్రాక్టర్ వెనక హైడ్రాలిక్ చేతులకి బాల్ (కొక్కెం కూర్చునే ఇనుప గుండు) బిగిస్తే, లీవర్‌తో నడుస్తూ నడుస్తూనే ఎత్తొచ్చు, దించొచ్చు. షెడ్డుకి అవతల కూడా తలుపుంది కాబట్టి ట్రాక్టర్ అటు వెళ్లిపోవచ్చు.

శీతాకాలపు సన్నాహం అందరూ చేసేదే: వాటర్ హీటర్ ఖాళీ చేయడం, గులాబీ రంగు యాంటీఫ్రీజ్ కుళాయిలన్నిట్లో వచ్చేదాకా పంపు చేయడం, బ్యాటరీ ఇంటికి తెచ్చేయడం. గ్యాస్ సిలిండర్లు షెడ్డులోకి రానివ్వనన్నాడు. మా ట్రైలర్‌లో మాత్రం అదనంగా ఒక పని ఉంటుంది. సొరుగుల మూలల్లో చిక్కుకున్న ప్రతి బియ్యపు గింజా, పోపు గింజా వ్యాక్యూమ్‌తో లాగేయాలి. ఇక్కడి ఎలుకలకి మన పోపులపెట్టె దొరికితే చలికాలమంతా పండగే.

మాకిచ్చిన శనివారం దసరా రోజు పడింది. పులిహోర డబ్బాతో సహా బయల్దేరాం. అక్కడికెళ్లాక ఏసీ ప్లాస్టిక్ తొడుగు విప్పాను. ఎండకి పెళుసెక్కి ఉంటుంది, స్క్రూలు చేత్తో నెమ్మదిగా తిప్పాలి, డ్రిల్ పెట్టకూడదు. దాంతో ఒక అంగుళం తగ్గింది. బాత్రూమ్ గాలి గొట్టం మీది ఎత్తు మూతా తీసేశాను. ముక్కు బాగా దించాలి కనుక ముక్కు కింద ఆనించే జాక్ పూర్తిగా పైకెత్తి, దాని అడుగు పళ్లెం కూడా ఊడదీశాం.

మా ఫ్రెండు నిచ్చెన మీద, గుమ్మం పైదూలం పక్కన. ఆయన ట్రాక్టర్ మీద. నేను కొక్కెం పక్కన చేతులూపుతూ. ట్రాక్టర్ నత్తనడకన లాగుతోంటే ఏసీ ఫ్యాను పైభాగం దూలం కిందికి వచ్చింది. "రానీ అన్నా, రానీ... వేలు దూరుతోంది" అని పైనుంచి అరుపు. లెక్క ప్రకారం మిగలాల్సింది కూడా ఒక అంగుళమే. ఏసీ వెనక అంచు దాటగానే "ఆపు!" అన్నాడు. ఇక్కడ ఆపకుండా పోతే కుదరదు, ఎందుకంటే ముక్కు వంగినంతసేపూ ట్రైలర్ తోక పైకి లేచి ఉంటుంది, చక్రాలు కాంక్రీటు ఎక్కితే ఇంకా లేస్తుంది. ఆయన లీవర్ లాగి ముక్కుని మామూలు ఎత్తుకి తెచ్చాడు. ఆ తర్వాత బాత్రూమ్ వైపు తీరిగ్గా లోపలికొచ్చేసింది. టైర్ల గాలి జోలికి వెళ్లనక్కర్లేకపోయింది.

చక్రాలకి చెక్కలు పెట్టాక, అక్కడే ట్రాక్టర్ పక్కన నిలబడి పులిహోర తిన్నాం. పెద్దాయన ఎండుమిరపకాయ పక్కకి తీసి, రెండోసారి పెట్టించుకున్నాడు.

ఏప్రిల్‌లో అవతలి తలుపు నుంచి తీస్తామంటున్నాడు. అది కూడా ఇదే ఎత్తు, కానీ అటు బయటంతా నల్లమట్టి. చలికాలం నేలలో నీరు గడ్డకట్టి మట్టిని పైకి ఎత్తుతుంది, కరిగాక బురదై కుంగుతుంది. అప్పుడు గుమ్మం దగ్గర నేల ఏ మట్టానికి ఉంటుందో ముందే చెప్పలేడు. అందుకే ఏసీ తొడుగు తిరిగి బిగించలేదు. స్క్రూలతో సహా మా గరాజ్‌లో అటక మీద ఉంది.