అటక మీద హుద్‌హుద్

ఇళ్లు సర్దిపెట్టడం నా వృత్తి అంటే విశాఖలో ఇప్పటికీ కొందరు నవ్వుతారు. "మా ఇల్లు మేము సర్దుకోలేమా?" అంటారు. సర్దుకోగలరు, పారేయలేరు. అసలు చిక్కంతా అక్కడే.

మొన్న ఎంవీపీ కాలనీలో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. అటక నిండా ఖాళీ నీళ్ల డబ్బాలు, కొవ్వొత్తుల కట్టలు, కిరోసిన్ లాంతర్లు. "ఒక్కటీ పారేయనివ్వదు, చూడండి మేడం" అని కూతురు విసుక్కుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటు లేక, నీళ్లు లేక ఊరు పడిన పాట్లు గుర్తున్నవారికి ఆ డబ్బాలు చెత్తగా ఎలా కనిపిస్తాయి? "ఎన్ని ఉంటే మీకు ధైర్యంగా ఉంటుందమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి నాలుగు పక్కన పెట్టించారు. మిగిలినవి తీసుకెళ్లమని ఆవిడే అన్నారు. కూతురు మాత్రం తన కాలేజీ పుస్తకాల పెట్టె జోలికి నన్ను రానివ్వలేదు!

ఇంటివాళ్లు లేనప్పుడు రహస్యంగా సర్దమంటే నేను ఒప్పుకోను. వస్తువులు పేరుకుపోయి మంచం, వంటగది కూడా వాడుకోలేని స్థితి వేరు. దాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. అక్కడ నాకన్నా ముందు వైద్యులు కావాలి.

ఇక మన సముద్రపు గాలి సంగతి. బీరువాలో కుక్కిన బట్టలకు ఈ తేమలో ఇట్టే బూజు పడుతుంది. పొడిగా ఉన్న రోజు చూసి తలుపులు బార్లా తెరవండి. పట్టుచీరలను మాత్రం నీడలోనే ఆరబెట్టండి.