జడ్జి గీకేసిన బొమ్మ కోసం వేకో ట్యాంక్స్‌కి

టెక్సస్‌లోని ఎల్ పాసో నుంచి, పాత రాతిబొమ్మలున్న వేకో ట్యాంక్స్ కొండల పార్కుకి బస్సు లేదు. 32 మైళ్ళ దూరానికి కారు అద్దె, దాని మీద ఇన్సూరెన్స్, బిల్లు చూస్తే ఒళ్ళు మండింది. అక్కడి నార్త్ మౌంటెన్ అనే కొండ మీదికి గైడు లేకుండా 70 మందినే వదులుతారు కాబట్టి ముందే ఫోన్ చేసి పేరు రాయించుకోవాలి. టికెట్టు 7 డాలర్లు. కొత్తవాళ్ళు వీడియో చూడందే లోపలికి వదలరు. 62/180 హైవే మీద తూర్పుకి వెళ్ళి, 2775 రోడ్డు దగ్గర ఎడమకి తిరగాలి.

ఇంత తిప్పలూ కార్మాక్ మెకార్తీ 1985 నవల 'బ్లడ్ మెరిడియన్'లో ఒక్క పేజీ కోసం. మనుషుల్ని చంపి నెత్తిచర్మాలు అమ్ముకునే గ్లాంటన్ ముఠా ఇక్కడే మకాం వేస్తుంది. ఆ ముఠాలోని జడ్జి హోల్డెన్ రాళ్ళ మీది పాత బొమ్మల్ని శ్రద్ధగా తన పుస్తకంలోకి దించుకుంటాడు. ఆ తర్వాత ఒక బొమ్మని చెకుముకి రాయితో ఆనవాలు లేకుండా గీకేస్తాడు. నవల నిండా తలలు తెగిపడుతున్నా, నన్ను భయపెట్టింది మాత్రం ఈ గీకుడే.

ముఠా కల్పన కాదు. 1849లో మెక్సికోలోని చివావా రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి మరీ నెత్తిచర్మాలకి వెల కట్టింది, చంపిన యోధుడికి 200 పెసోలు. ఎండిన చర్మాన్నీ జుట్టునీ చూసి అది ఎవరి తలో ఎవడు చెప్పగలడు? వేటాడాల్సిన అపాచీ తెగవాళ్ళు దొరకనప్పుడు వేటగాళ్ళు ఏ తగువూ లేని తెగల మీదా, మెక్సికన్ల మీదా పడ్డారు. 1850 ఏప్రిల్లో కొలరాడో నది మీది యూమా రేవు దగ్గర క్వెచాన్ తెగవాళ్ళు గ్లాంటన్‌ని చంపేశారు. హోల్డెన్‌కి మాత్రం ఆ ముఠాతో తిరిగానని చెప్పుకున్న చాంబర్లేన్ అనే మాజీ సిపాయి జ్ఞాపకాలు తప్ప వేరే దాఖలా లేదు. బొమ్మలు చెరిపేవాడి జాడే దొరకదన్నమాట!

వేకో అంటే స్పానిష్‌లో గుంట. మన సీమ కొండల మీద వాననీళ్ళు నిలిచే దొనల్లాంటివే. ఎడారిలో నీళ్ళున్న చోటు కనుక అందరూ ఇక్కడే ఆగారు. 1858లో బటర్‌ఫీల్డ్ టపా బళ్ళూ ఇక్కడ గుర్రాలు మార్చుకున్నాయి.

కేవ్ కివా అనే గుహలోకి వెళ్ళాలంటే సంచీ బయట వదిలి, బోర్లా పడుకుని పాకాలి. రెండు చేతులూ నేలకి ఆనాలి కాబట్టి లైటు తలకి కట్టుకునేదైతే నయం. వేల కాళ్ళకి రాయి నున్నబడింది, పట్టున్న బూట్లు లేకపోతే జారుడే. లోపల రాతి మీద ఎనిమిది ముసుగు మొహాలు, జోర్నడా మొగొయోన్ అనే పాతకాలపు స్థానిక జనాలు గీసినవి. వాటిని ముట్టుకోకూడదు, వేలి జిడ్డు రంగుని తినేస్తుంది.

దిగేటప్పుడు ఇంకో గోడ మీద పాత ప్రయాణికుల పేర్లు కనిపించాయి. అవి చరిత్ర కనుక ఉంచారు. ఈ కాలపు స్ప్రే రాతల్లో కొన్నిటిని లేజర్‌తో తీశారు. ఒక పాత పేరులో మొదటి అక్షరం కింద బొమ్మ తాలూకు రంగు ఇంకా కనబడుతూనే ఉంది.